సార్ చెప్పింది తప్పు కావాలి

సీతాఫల్‌మండిలో మా ఇంట్లో ఏడాదికోసారి అన్న జ్ఞాపకార్థ ప్రార్థన కూడిక జరిగేది. వాణ్ణి నేను చూడలేదు. నేను పుట్టకముందే, మూడేళ్లకే జ్వరంతో పోయాడట. "ఒక్క పూట ముందుగాల దవాఖానకు తీస్కపోతే దక్కుతుండె" అని అమ్మ అనని రోజు లేదు. కూడికకు వచ్చినవాళ్లంతా నా తల నిమిరి, "వాని బదులే దేవుడు నిన్నిచ్చిండు" అనేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. పగిలిన గ్లాసుకు బదులు తెచ్చిన గ్లాసునా నేను?

పదకొండేళ్లప్పుడు నేనే కొరివితో తల గోక్కున్నాను. కాలంలో వెనక్కి పోయే యంత్రం కథ వారపత్రికలో చదివి, అమ్మకు పూసగుచ్చినట్టు చెప్పాను. అమ్మ కూర తరగడం ఆపి మరీ విన్నది.

ఆ ఏడు కూడికకు అల్వాల్ నుంచి, కాలేజీలో ఫిజిక్స్ చెప్పే సార్ వచ్చారు. పాస్టరుగారు ఇంకా రాలేదు. టీ చేతికిస్తూనే అమ్మ అడిగేసింది.

"సార్, నిజంగ కాలంల వెనక్కి పోవచ్చా?"

"ముందుకైతే వెళ్లొచ్చమ్మా. మహా వేగంగా ప్రయాణించే గడియారం నెమ్మదిగా నడుస్తుంది. ఇది ప్రయోగాల్లో తేలిందే."

"వెనక్కి సార్?"

"లెక్కల్లో అలాంటి దారులు కనిపిస్తాయండి. చేసే పద్ధతే ఎవరికీ తెలియదు. అసాధ్యమని మాత్రం ఇంతవరకు ఎవరూ తేల్చలేదు."

దారి దొరికితే అమ్మ ఎక్కడికి పోతుందో నాకు తెలుసు. ఆ పూటకే పోతుంది. వాణ్ణి చంకనేసుకుని దవాఖానకు ఉరుకుతుంది. వాడు బతుకుతాడు. ఇంక బదులెవరికి కావాలి? చచ్చిపోవడం కూడా కాదు, అసలు పుట్టనే పుట్టను. బాబోయ్! నా చేతిలో టీ ఒలికి కాలు కాలింది.

పాస్టరుగారు వచ్చి, ఎప్పటిలాగే ప్రార్థన విన్నపాలు చెప్పమన్నారు. ఒకాయన కొడుకు ఉద్యోగం గురించి, ఒకావిడ మోకాళ్ల గురించి చెప్పారు. నేను లేచి నిలబడ్డాను.

"సార్ చెప్పింది తప్పు కావాలని ప్రార్థన చెయ్యండి."

ఇల్లంతా ఘొల్లుమంది. అందరికంటే ఎక్కువ సారే నవ్వారు. అమ్మ నవ్వలేదు.

అందరూ వెళ్లాక, జంపఖానా మడతపెడుతూ అడిగింది. "ఏందే, గట్లెందుకు అన్నవ్?"

"అన్న బతికుంటే నన్ను కంటుంటివా అమ్మా?"

అమ్మకు అబద్ధమాడటం రాదు. మడత సగంలో ఆపి అలాగే కూర్చుండిపోయింది. చివరికి నన్ను దగ్గరికి లాక్కుంది.

"పోను బిడ్డా. తొవ్వ దొరికినా పోను."

ఆ రోజు అమ్మ అన్నం ముట్టలేదు.

డిగ్రీలో చేరాక నాకు తెలిసింది, ఆ లెక్కల్లో ఇంకో షరతు ఉందని. అలాంటి యంత్రం ఏ రోజు తయారవుతుందో ఆ రోజు దాకానే పోగలరట, దానికంటే వెనక్కి ఎవరూ పోలేరట. అన్నకు జ్వరం వచ్చిననాటికి ఏ యంత్రమూ లేదు. నా భయమంతా దండగ. కానీ అమ్మ మాత్రం నాకోసం వాణ్ణి అప్పటికే వదులుకుంది.