గ్రాండ్ అన్న మాటకి అర్థం

మొన్న మా ఆయనకి ఒక మెయిల్ వచ్చింది. మూడేళ్లుగా వీడియోలు దాచుకునే ఖాతా వాడటం లేదు కాబట్టి అందులోని మీ వీడియో తీసేస్తున్నామని. ఆయన చదివి ఫోను బోర్లించి పెట్టేశారు. ఆయన పనికి వెళ్లాక నేను లాప్‌టాప్‌లో తెరిచి చూశాను. ఐర్లాండులో మేముండే బ్లాంచర్డ్స్‌టౌన్‌లో మా పిల్లల బడి హాలు. అక్కడి పిల్లల చేత మా ఆయన కబడ్డీ ఆడిస్తున్నారు. కూత పెట్టమంటే వాళ్లు ఊపిరి చాలక పడీ పడీ నవ్వుతున్నారు.

ఏలూరులో ఆయన పన్నెండేళ్లు డ్రిల్లు మాస్టారు. నా నర్సు ఉద్యోగం వెంట ఇక్కడికొచ్చి గోడౌన్లో అట్టపెట్టెలు మోశారు. చివరికి ఆ బడివాళ్లు వారానికి రెండు రోజులు సాయానికి పిలిచి, ఆన్‌లైన్ కోర్సు పూర్తి చేస్తే ఉద్యోగం ఇస్తామన్నారు. ఆ కోర్సు పద్ధతే వింత. తన పాఠం తనే వీడియో తీసుకుని, ఆపి ఆపి చూసుకుని, ఎక్కడ తప్పు చేశారో రాసి పంపాలి; దిద్దిన పాఠం మళ్లీ తీసి గడువులోగా వాళ్ల వెబ్‌సైటులో పెట్టాలి. "నా తప్పులు నేనే రాసుకోవాలంట. ఇదేం చదువే?" అని మండిపడ్డారు. మూడోసారి చూస్తూ మాత్రం మధ్యలో ఆపి నన్ను పిలిచారు. "ఇన్నేళ్లు ఈల ఊదాను గానీ చివరి వరస పిల్లల్ని ఒక్కసారీ చూళ్లేదే," అన్నారు. మొదటి వీడియో, తప్పుల చిట్టా పంపేసి, పాఠం మొత్తం మార్చి రెండో వీడియో తీశారు. మొన్న నేను చూసింది అదే.

ఆలస్యమైంది, రెండోది ఇవాళే పంపమంటారా అని వీడియో కాల్లో కోర్సు మేడమ్‌ని అడిగారు. "ఆ, యూ ఆర్ గ్రాండ్," అందావిడ. మా ఆయన ముఖం వెలిగిపోయింది. "విన్నావా? మొదటిదే బ్రహ్మాండంగా ఉందంట. ఇంక పంపక్కర్లేదు." నేను వంటింట్లో, ఇక్కడివాళ్లు ప్రెస్సు అనే అలమరలో పళ్లాలు సర్దుతున్నాను. మా వార్డులో ఆపరేషనైన మర్నాడు మూలిగేవాళ్లు కూడా ఎలా ఉందని అడిగితే గ్రాండ్ అనే అంటారు. ఆవిడ ఫర్వాలేదు, కంగారు పడకండి అంది, అంతే; పంపొద్దనలేదు. అది నాకు తెలుసు. నోరు మెదపలేదు. ఆయన సంతోషం పాడుచేయలేక ఊరుకున్నానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. ఆ కోర్సు పుణ్యమా అని శనాదివారాలు పిల్లలతో ఒక్కదాన్నే వేగి విసిగిపోయి, అయిపోతే చాలనుకున్నాను.

గడువు దాటగానే వెబ్‌సైటు దానంతటదే మూసుకుంది. నా చేతుల్లో ఏమీ లేదని ఆ మేడమ్ జవాబిచ్చింది. బడివాళ్లు ఇంకొకర్ని పెట్టుకున్నారు. మా ఆయన మళ్లీ గోడౌన్‌కే వెళ్తున్నారు. ఎవరైనా అడిగితే, "నా ఇంగ్లీషు తగలెయ్య," అని నవ్వేస్తారు. పక్కనే కూర్చుని నేనూ నవ్వుతాను. ఆ రోజే నోరు విప్పి ఉంటే అది ఒక మాటకి అర్థం చెప్పడం అయ్యేది, మూడేళ్లు గడిచాక ఇప్పుడు చెబితే నేరం ఒప్పుకోవడం అవుతుంది.