దొరసానమ్మ మమ్మల్ని వరసలో నిలబెట్టిన రోజు

నా చిన్నప్పుడు మా ఊరి పిల్లలం నోరు తెరిచి నవ్వేవాళ్ళం కాదు. నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకునేవాళ్ళం. మా పళ్ళ మీద పసుపు గీతలు, కాఫీ రంగు మచ్చలు ఉండేవి. సరిగ్గా తోముకోకపోవడం వల్లే అలా అయ్యాయని పెద్దవాళ్ళు అనేవాళ్ళు. మేమూ అదే నమ్మాము. మా అమ్మ బొగ్గుపొడిలో ఉప్పు కలిపి చిగుళ్ళు నెత్తురు కారేదాకా తోమేది. బళ్ళో అయ్యవారు పళ్ళు చూపించమని, చూసి, అరచేతుల మీద బెత్తంతో కొట్టేవాడు.

మాది తంబళ్లపల్లె దారిలో నలభై ఇళ్ళ మెట్ట పల్లె. వాన పడితే వేరుశనగ, పడకపోతే గొర్రెలు. నేను పుట్టకముందు ఊరంతా ఒక్క చేదబావి నీళ్ళే తాగేవాళ్ళట. వానాకాలం వస్తే వాంతులు, విరేచనాలు. మా అమ్మా, ఆమె అక్కా ఒకే ఊరికి కోడళ్ళుగా వచ్చారు. ఆ పెద్దమ్మ మూడేళ్ళ కొడుకు అలాగే పోయాడు. మదనపల్లె బస్సు కోసం బిడ్డను భుజాన వేసుకుని రోడ్డు మీద నిలబడి ఉండగానే ప్రాణం పోయిందట. బస్సు వచ్చింది కానీ ఆమె ఎక్కలేదు.

నేను పుట్టిన ఏడు ఒక విదేశీ సంస్థ వాళ్ళు కరువు పనుల మీద మా వైపు వచ్చారు. రైతులకు వేరుశనగ విత్తనాలు పంచారు. ఆడవాళ్ళకు కోలాటం కట్టెలు, గజ్జెలు కొనిచ్చి, శుభ్రత గురించి పాటలు కట్టించారు. బడి పక్కన బోరు వేసి చేతి పంపు పెట్టారు. దాన్ని మేం బోరింగు అనేవాళ్ళం. ఆ వచ్చినవాళ్ళలో ఒక తెల్లావిడ మదనపల్లెలో అద్దెకుండి మా మాట నేర్చుకుంది. ఊరంతా ఆమెను దొరసానమ్మ అనేవాళ్ళు.

బోరింగు బాధ్యత మా పెద్దమ్మ తీసుకుంది. ఎవరూ ఆమెకు అప్పజెప్పలేదు, తనే తీసుకుంది. పొద్దున్నే గట్టు కడిగేది, పిడికి నూనె వేసేది. కోలాటంలో ముందు నిలబడి బోరింగు నీళ్ళ పాట ఆమే ఎత్తుకునేది. ఎవరైనా పాత అలవాటు కొద్దీ చేదబావి నీళ్ళు ముంచుకుంటే వాళ్ళ కడవ లాక్కుని వంపేసేది. ఆమె పోరు పడలేకే ఊరు ఆ నీళ్ళకు అలవాటు పడింది. ఆ తర్వాత మా ఊళ్ళో విరేచనాలతో ఒక్క బిడ్డ కూడా పోలేదు. అది పెద్దమ్మ గొప్పతనమేనని అందరం అనుకునేవాళ్ళం.

కొన్నాళ్ళకు దొరసానమ్మ తన దేశం వెళ్ళిపోయింది. మళ్ళీ వచ్చేటప్పటికి నేను ఐదో తరగతిలో ఉన్నాను. ఆమె జుట్టు సగం నెరిసింది. బోరింగు కొట్టి నీళ్ళు సీసాలో పట్టుకుని పోయింది. రెండు వారాల తర్వాత ఒక ఆదివారం మళ్ళీ వచ్చి ఊరందరినీ బడి దగ్గరికి రమ్మంది. కొత్తగా ఏదో ఇస్తారనుకుని పెద్దమ్మ కోలాటం ఆడవాళ్ళను గజ్జెలతో సహా తీసుకొచ్చింది.

దొరసానమ్మ ఏమీ చెప్పకుండా పిల్లల్ని వయసు వరసన నిలబడమంది. ఇరవై ఏళ్ళవాళ్ళు ఆ చివర, ఎనిమిదేళ్ళవాళ్ళు ఈ చివర. ఆటేమో అనుకుని తోసుకుంటూ నిలబడ్డాం. ఇప్పుడు అందరూ పళ్ళు చూపించండి, ఎవరూ కొట్టరు అంది. పెద్దవాళ్ళను వరస పొడుగునా ఆ చివర నుంచి ఈ చివరకు నడిచి చూడమంది.

మొదట మా అమ్మ నడిచింది. ఆ చివర ఉన్నవాళ్ళవి తెల్లటి పళ్ళు. ఇంటర్ చదివే మా అన్నవీ తెల్లవే. వాడి తర్వాత ఇద్దరు ముగ్గురిని దాటగానే సన్నటి పసుపు గీతలు. ఇంకాస్త ముందుకొస్తే చారలు. మా ఈడు పిల్లల దగ్గరికి వచ్చేసరికి అందరివీ మచ్చలే, ఒక్క అమ్మాయివి తప్ప. ఆ అమ్మాయి ఆ ఏడే సదుం నుంచి వచ్చి మా బళ్ళో చేరింది. మా అమ్మ నా ముందు ఆగిపోయింది. తిరిగి మా అన్న వైపు చూసింది. ఇద్దరినీ ఒకే బొగ్గుపొడితో తోమింది ఆమే కదా. ఆమె చెయ్యి నోటి మీదికి పోయింది. వెనక వస్తున్నవాళ్ళు కూడా ఒక్కొక్కరే నిలిచిపోయారు.

అప్పుడు దొరసానమ్మ చెప్పింది. భూమిలో లోతున ఫ్లోరైడు అనేది ఉంటుందని, అది నీళ్ళలో ఎక్కువైతే ఎదిగే పిల్లల పళ్ళు చెడగొడుతుందని, ఏళ్ళ తరబడి తాగితే ఎముకలూ బిగుసుకుపోతాయని. ఆమె తల దించలేదు.

"ఆ బోరు మేము వేసిందే. ఆ రోజు నీళ్ళల్లో పురుగుండాదా లేదా అని మాత్రమే చూసినాం. ఇది చూడలేదు. తప్పు మాదే. పిల్లోళ్ళది కాదు, మీది కాదు."

అయ్యవారు కూర్చున్న కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. వెనక నుంచి ఒకాయన గట్టిగా తిట్టాడు. ఆమె ఆ తిట్లన్నీ విన్నది. తర్వాత చేదబావిని పూడిక తీయించి, మూత వేసి, మందు కలిపి బాగుచేస్తామని, తాగడానికి ఆ నీళ్ళే వాడాలని చెప్పింది. అంతవరకూ రాయిలా నిలబడ్డ పెద్దమ్మ జనాన్ని దాటుకుని ఆమె ఎదురుగా వచ్చింది. నడుస్తుంటే కాళ్ళ గజ్జెలు మోగుతున్నాయి.

"ఆ బావి నా బిడ్డను తినిందమ్మా. మళ్ళా ఆడికే పొమ్మంటాండావా?"

అవునమ్మా, ఈసారి పురుగూ ఫ్లోరైడూ రెండూ పరీక్ష చేసినాకే తాగుదాం, మొదటి చెంబు నేను తాగుతా అని దొరసానమ్మ మెల్లగా అంది. పెద్దమ్మ గజ్జెలు విప్పి అక్కడే బోరింగు గట్టు మీద పెట్టి ఇంటికి వెళ్ళిపోయింది.

మరుసటి రోజు ఆమె తలుపు తీయలేదు. ఆ మర్నాడు పొద్దున్నే మా ఇంటికి వచ్చి, నన్ను తోడు రమ్మంది. ఎందుకో చెప్పలేదు. ఊరి ఈ చివర నుంచి మొదలుపెట్టి ఇంటింటికీ పోయాం. ప్రతి గడప ముందూ అదే మాట.

"బోరింగు నీళ్ళే తాగండని మీ కడవలు వంపేసింది నేను. ఈ పొద్దు తాగొద్దని చెప్పేదీ నేనే. తెలీక చేసినా, మన్నించండి."

కొందరు తల ఊపారు. ఒకామె పెద్దమ్మ చేతులు పట్టుకుని, నువ్వు వంపబట్టే కదా మా వోడు బతికుండాడు అని ఏడ్చింది. ఒక ఇంట్లో తలుపు మొహం మీదే మూశారు. ఆ తలుపు వెనక ఒక అమ్మాయికి పళ్ళు చూసి సంబంధం తప్పిపోయిందని తర్వాత తెలిసింది. మూసిన తలుపుకే పెద్దమ్మ తన మాట మొత్తం చెప్పి ముందుకు కదిలింది. నాకు సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది. ఇంటికి పోదాం పెద్దమ్మా అన్నాను. నువ్వు బిడ్డగా ఉన్నప్పుడు మొదటిసారి ఆ నీళ్ళు తాపింది నేనే, అన్నీ నీ కళ్ళతో చూడు అంది. నలభయ్యో ఇంటిదాకా తిరిగాం.

తర్వాత బోరింగుకు ఎర్రరంగు పూశారు. బట్టలకూ గిన్నెలకూ ఆ నీళ్ళు వాడుకున్నారు. చేదబావి బాగుపడ్డాక దొరసానమ్మ అన్నట్టే మొదటి చెంబు తాగింది, రెండోది పెద్దమ్మ తాగింది. ఆ తర్వాత పుట్టిన మా చెల్లెలి పళ్ళు తెల్లగా వచ్చాయి. మావి మాత్రం అలాగే ఉండిపోయాయి.

నేనిప్పుడు పుంగనూరు దగ్గర ఒక ఆరోగ్య కేంద్రంలో నర్సుని. కొన్నేళ్ళ కిందట ఒక బాలింతకు బిడ్డ మందు మోతాదు తప్పు చెప్పాను. సాయంత్రం రిజిస్టరు తిరగేస్తుంటే తెలిసింది. వెంటనే ఫోను చేసి ఆపించాను. దేవుడి దయ, ఇంకా వెయ్యలేదు. విషయం అంతటితో తీరిపోయినట్టే. అయినా ఆటో ఎక్కి వాళ్ళ ఊరు పోయాను. వాకిట్లో ఆమె అత్త, మామ, ఇరుగుపొరుగు అందరూ ఉన్నారు. తప్పు నాదేనని వాళ్ళందరి ముందూ చెప్పాను. అత్త నానా మాటలూ అంది. నిలబడి విన్నాను.

అలాంటి గడపలు ఇంకొన్ని ఎక్కాల్సి వచ్చింది ఈ ఉద్యోగంలో. ప్రతిసారీ వెనక్కి తిరిగి పోదామనే అనిపిస్తుంది. కాసేపు అక్కడే నిలబడతాను. తర్వాత తలుపు తడతాను.