వంకర పిల్ల

మా టికియాపారా రైలు క్వార్టర్‌లో కిటికీ పక్కన ఒక అద్దాల తొట్టి ఉంది. మూల పగిలిందని ఎవరో పారేస్తే తెచ్చి అతుకు వేయించాను. అందులో పెంచేది సిక్లిడ్‌లు, వేలెడంత చేపలు. వీటిలో ఆడది గుడ్లు పెట్టి వెంటనే నోట్లోకి తీసుకుంటుంది. అవి పిల్లలై ఈదేదాకా మేత ముట్టదు. ఈస్టర్ ముందు శ్రమదినాల్లో మా చర్చివాళ్ళం ఒక పూట తిండి మానేసి నీరసమంటాం. దీని పొట్ట వెన్నుకి అంటుకుపోయినా నోరు విప్పదు.

అలాగే వదిలేస్తే తల్లి చిక్కి చస్తుంది. అందుకని దవడ కింద సంచిలో పిల్లల కళ్ళు నల్లగా కనబడగానే తల్లిని తడిగుడ్డలో పట్టుకుంటాను. కొనకు నూలు చుట్టిన చీపురుపుల్లతో నోరు తెరిచి నీళ్ళగిన్నెలోకి వంచుతాను. పిల్లలు జారిపడతాయి. మొదటిసారి చూసి మా కోడలు వాంతి చేసుకుంది. ఇప్పుడు గిన్నె పట్టేది ఆమే.

ఒకసారి అలా తీసిన మర్నాడు గిన్నె చూస్తే ఒక పిల్లకి వెన్ను వంకర. గుండ్రంగా తిరగడమే గాని ముందుకు పోలేదు. అలాంటివాటిని పెద్ద తొట్టిలో వేసేస్తాను, పెద్దవి తింటాయి. ఆ పూటకి మేత కలిసొస్తుంది. కాని బడికెళ్ళే మనవరాలు గిన్నెకి చేతులు అడ్డం పెట్టింది.

“ఇది నాది. సంపొద్దు, నాయనమ్మా.”

“వంకరదాన్ని ఏటి సేసుకుంటావే? సంతలో సేపలు కొనే దాదా ముట్టుకోడు.”

“అమ్మొద్దు. నాను సాకుతాను.”

“సాకడానికి నువ్వేటి సంపాదిస్తన్నావు?”

మనవరాలు తొట్టివైపు తిరిగింది. భయమేస్తే తల్లి చేప పిల్లల్ని మళ్ళీ నోట్లోకి తీసుకోవడం ఎప్పుడో చూసింది.

“ఆలమ్మ దగ్గరెడితే నోట్లో దాసుకుంటాది గదా? ఎవులూ తినరు.”

పిల్లల్ని మనం తీసేశాక, ఒకసారి మేత రుచి చూసిన తల్లికి పిల్ల పిల్లగా కనబడదు. ఆ పొద్దున్నే దానికి మేత వేశాను. ఆ మాట చెబితే మనవరాలు ఇవాళ ఏడుస్తుంది, వచ్చే కాన్పుకి మళ్ళీ ఏడుస్తుంది. కళ్ళతో చూస్తే ఒకసారితో పోతుంది.

“నీ సేత్తో నువ్వే ఎయ్యి” అన్నాను.

చెంచాతో వేసింది. తల్లి తిరిగి చూసి నోరు తెరిచింది. పిల్ల లోపలికి పోయింది.

“దేఖో, దేఖో! దాసింది!” అని చప్పట్లు కొట్టింది.

కోడలు ఏదో అనబోయింది. నేను చూసిన చూపుకి ఊరుకుంది.

మనవరాలు మధ్యాహ్నం అన్నానికి లేవలేదు. “అది బైటికొచ్చినాక తింతాను” అంటూ అద్దానికి ముక్కు ఆనించి కూర్చుంది. కంచం తీసేశాను. మా ఇంట్లో ఎవరికోసమూ కంచం కాచుకోదు.

సాయంత్రం మేత చల్లాను. తల్లి పైకొచ్చి నోరు బార్లా తెరిచి మింగింది. మళ్ళీ తెరిచింది. లోపల ఏమీ లేదు.

“ఏదీ?”

“తినేసింది.”

“ఎప్పుడు?”

“నువ్వు సప్పట్లు కొట్టినప్పుడే.”

ఏడవలేదు. లేచి వెళ్ళి చల్లారిన అన్నం మెతుకు మిగల్చకుండా తింది.

తరువాతి కాన్పులో నాకంటే ముందు మనవరాలే గిన్నె మీద వంగింది. వంకరదాన్ని చెంచాలోకి ఎత్తి పట్టుకుని అడిగింది:

“నాయనమ్మా, దీన్ని ఆలమ్మకెయ్యనా, ఆల నాన్నకెయ్యనా?”

మేత డబ్బాకి మూత బిగించాను.

“ఎవులు ఆకలిగుంటే ఆలకెయ్యి.”