బాడీ ఒక్కటేనా

“ఆ మాట ఇంకోసారి అన్నావంటే లేచి పొమ్మంటాను. మనిషి అను. ఆవిడ అను. నంబరు పెట్టి పిలిచినా ఊరుకుంటాను. బాడీ అనకు.”

తాళాలక్క అంత కోప్పడటానికి నేనన్నది పెద్ద మాటేం కాదు. గేటు దగ్గర అంబులెన్సు ఆగిన చప్పుడు విని, “ఏదో బాడీ వచ్చినట్టుంది” అన్నాను, అంతే. మా అత్తగారు కాలు విరిగి ఆసుపత్రి పై అంతస్తులో ఉన్నారు. మధ్యాహ్నం ఆవిడ కునుకు తీయగానే కిందికి దిగి, చల్లగా ఉంటుందని ఈ మార్చురీ వరండాలో బెంచీ మీద కూర్చోవడం మూడు రోజులుగా అలవాటైంది. బెంచీ తాళాలక్కది. నడుముకి తాళాల గుత్తి వేలాడుతుంటుంది కాబట్టి ఆసుపత్రిలో అందరూ ఆమెని అలాగే పిలుస్తారు. పోయినవాళ్ళని కడిగి, తుడిచి, అరల్లో పెట్టి, అయినవాళ్ళు వస్తే అప్పగించే పని పంతొమ్మిదేళ్ళుగా చేస్తోంది. బతికున్నవాళ్ళతో ఆమెకి పడదు. ఆ సంగతి దాచుకోదు కూడా.

ఆ రోజు ఆమె ఒళ్ళో కెమెరా ఉంది. దాన్ని మెత్తటి గుడ్డతో తుడుస్తూ, ఆ ఒక్క మాట వల్ల తన నెత్తిన ఎంత టోపీ పడిందో చెప్పుకొచ్చింది.

వరండా చివర ఒక బోర్డు ఉంది. ఎవరని తెలియకుండా వచ్చినవాళ్ళ ఫోటోలు దాని మీద పెడతారు. పదిహేను రోజులు చూస్తారు. ఎవరూ రాకపోతే పదహారో రోజు పొద్దున్నే మున్సిపాలిటీ బండి వచ్చి తీసుకుపోతుంది. ఆ ఫోటోలు తీసే ఆయన్ని తాళాలక్క ఫ్లాష్ సారు అంటుంది. ఆయన గుమ్మం దాటి లోపలికి రాడు. ముక్కుకి రుమాలు కట్టుకుని, గుమ్మంలోంచే చెయ్యి చాపి, ఫెళ్ళుమని ఒక మెరుపు మెరిపించి పోతాడు. ఆ వెలుగు స్టీలు బల్ల మీద పడి ఎగిరి మొహానికి కొడుతుంది. ఫోటోలో ఇక మిగిలేది సున్నం కొట్టిన గోడా, దానికి రెండు ముక్కు రంధ్రాలూ.

“సారూ, ఇలా తీస్తే ఎవరు గుర్తుపడతారు?” అని ఆమె అడగని నెల లేదు.

“బాడీకి అందమెందుకమ్మా? నంబరు కనిపిస్తోందా లేదా?”

రెండేళ్ళ కింద ఒక తల్లి వచ్చింది. బోర్డు ముందు నిలబడి, ఒక్కో ఫోటో మీదా వేలు పెట్టి చూసుకుంటూ పోయింది. మూడో ఫోటో మీదా వేలు పెట్టింది. కాదని తల ఊపి నాలుగోదానికి జరిగింది. నలభై రోజుల తర్వాత మళ్ళీ వచ్చింది. ఈసారి తాళాలక్క బట్టల మూటలు విప్పి చూపించింది. మూడో నంబరు మూటలో చొక్కా చూసి ఆ తల్లి నేల మీద కూలబడింది. చొక్కాకి గుండీ తెగితే తనే వేరే రంగు దారంతో కుట్టిందట. మొహం అప్పటికి మట్టిలో ఉంది.

ఆ రోజే తాళాలక్క కెమెరా కొనాలనుకుంది.

ముందు తమ్ముడి ఫోన్ అడిగి తెచ్చింది. పోస్ట్‌మార్టం చేసే డాక్టరమ్మ అనుమతి కూడా ఇచ్చింది, “రికార్డు కోసం తీసుకో, నాకూ పనికొస్తుంది. బోర్డు సంగతి మాత్రం నా చేతిలో లేదు” అని. ఫోన్ ఫోటో బాగానే వచ్చింది. మరీ బాగా వచ్చింది. యాభై ఏళ్ళ మనిషికి చెంపలు నున్నగా పాలిష్ పట్టేసింది. గడ్డం మీద ఉన్న పుట్టుమచ్చని తనంతట తానే తుడిచేసింది.

“ఏరా, మీ ఫోన్‌కి మచ్చలుంటే చిన్నతనమా?” అని తమ్ముడి మొహాన కొట్టినంత పని చేసింది.

“అక్కా, జన్మకో కెమెరా కొంటే ఎవరైనా పిల్లల్ని తీస్తారు, పూలని తీస్తారు. నువ్వేంటి...”

“పూలు తప్పిపోతే వెతుక్కుంటూ ఎవరొస్తార్రా?”

రెండేళ్ళు దాచిన డబ్బు తీసుకుని, పోయిన ఆదివారం ఇద్దరూ కెమెరాల షాపుకి వెళ్ళారు.

అద్దాల షాపు, చల్లటి గాలి, గోడ నిండా నవ్వే పెళ్ళికూతుళ్ళు. ఎంత రుద్ది స్నానం చేసినా తాళాలక్కని ఫినాయిలు వాసన వదలదు. షాపాయన ఆమెని ఎగాదిగా చూసి, చెప్పుల దగ్గర చూపు ఆపి, “సెల్ఫీ స్టిక్కులు ఆ చివర” అన్నాడు.

“కెమెరా కావాలి. పెద్దది.”

“దేనికమ్మా? పెళ్ళిళ్ళా, పిల్లలా, పక్షులా?”

“మనుషులు.”

“అంటే ఎలాంటి...”

“పడుకున్న మనుషులు.”

ఆయన తమ్ముడి వైపు చూశాడు. తమ్ముడు పెళ్ళికూతుళ్ళ వైపు చూశాడు.

షాపాయన మూరెడు పొడుగున్న జూమ్ కెమెరా ఒకటి తీసి, దీంతో చంద్రుడి మీద గుంటలు కూడా లెక్కపెట్టుకోవచ్చన్నాడు. “చంద్రుడితో నాకేం పని? నాకు కావలసిన మొహం జానెడు దూరంలో ఉంటుంది” అంది తాళాలక్క. నీళ్ళలో తడిసినా పాడవనిది ఇంకోటి చూపించాడు. నిమిషానికి వందల ఫోటోలు తీసేది మరోటి. “పరిగెత్తే గుర్రాన్ని కూడా పట్టేస్తుంది.”

“నా దగ్గర ఎవరూ పరిగెత్తరు. ముందు ఆ లైట్లన్నీ ఆర్పు.”

“ఎందుకు?”

“నా గదిలో ఒక్కటే ట్యూబ్‌లైటు. ఇక్కడ ఇన్ని దీపాలు పెట్టి చూపిస్తే తాటిపండు కూడా దానిమ్మలా మెరుస్తుంది.”

గొణుక్కుంటూ రెండు వరసలు ఆర్పాడు. అప్పుడామె మూడు కెమెరాలు వరసగా తీసుకుని, మూడింటితోనూ షాపాయన మొహమే తీసింది. వెనక తెర మీద ఫోటో పెద్దది చేయమని తమ్ముడికి చెప్పి, మూడింట్లోనూ ఆయన గడ్డం కింద చూసింది. పొద్దున గీసుకున్నప్పుడు బ్లేడు తెగిన గాటు అక్కడ ఉంది. ఒకదాంట్లో అది అలుక్కుపోయింది. ఒకదాంట్లో నీడలో కలిసిపోయింది. మూడోది అన్నిట్లోకీ పాత మోడలు, అరలో వెనక్కి తోసేసి ఉన్నది. అందులో గాటు దాని అంచుతో సహా కనిపించింది.

“ఇది ఇవ్వు. ఇందులో అయితే నువ్వెవరో మీ అమ్మ గుర్తుపడుతుంది.”

ఆమె దృష్టిలో అది మెచ్చుకోలు. షాపాయన మాత్రం మొహం గంటు పెట్టుకున్నాడు. బిల్లు పుస్తకం తెరిచి, తలెత్తకుండా అడిగాడు, “బాడీ ఒక్కటేనా?”

తాళాలక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆసుపత్రిలో ఆ మాట వార్డుబాయ్ అంటాడు, డ్రైవరు అంటాడు, ఫ్లాష్ సారు రోజుకి పదిసార్లు అంటాడు. ఆదివారం పూట, ఉతికిన చీర కట్టుకుని బయటికొచ్చినా వదలదా?

“ఆ మాట నా ముందు అనొద్దు.”

“ఏ మాట? బాడీయా? అదికాదమ్మా, బాడీ ఒక్కటే అయితే...”

“చెప్తుంటే అర్థం కాదా? మళ్ళీ అంటావేంటి? మీ ఇంట్లో ఎవరైనా పోతే వాళ్ళనీ అలాగే అంటావా?”

షాపాయన పెన్ను పక్కన పెట్టాడు. “నా షాపులో నాకే మాటలు నేర్పుతావా? సరే. అడగను. అడిగితే ఒట్టు.” మౌనంగా బిల్లు రాశాడు, మౌనంగా సంతకం పెట్టించాడు, మౌనంగా పెట్టె కట్టి, పైన ఒక ఉచిత సంచీ కూడా పడేశాడు. తాళాలక్క గెలిచినట్టే మెట్లు దిగింది.

ఇంటికొచ్చాక తమ్ముడు పెట్టె విప్పాడు. పెట్టెని తలకిందులు చేసి దులిపాడు. సంచీ కూడా దులిపాడు.

“అక్కా, దీనికి మూతి లేదు.”

కెమెరా ఉంది. దాని ముందు లెన్స్ ఉండాల్సిన చోట గుండ్రటి మూత ఉంది, మూత తీస్తే కన్నం ఉంది. షాపులో చూపించినదానికి లెన్స్ తగిలించి ఉంది కాబట్టి అదీ ఇదీ ఒకటే వస్తువని అక్కాతమ్ముళ్ళు అనుకున్నారు. లెన్స్ లేని కెమెరాని ఆ వ్యాపారంలో బాడీ అంటారని వాళ్ళకేం తెలుసు?

మర్నాడు ఆమె ఒంటికాలి మీద లేచి షాపుకి వెళ్ళింది. షాపాయన ఈ రోజు కోసమే కాచుకున్నట్టు ఉన్నాడు.

“అడిగానా లేదా? రెండుసార్లు అడిగాను. మీరేమన్నారు? ఆ మాట అనొద్దన్నారు. అనలేదు. బిల్లు మీద రాసుంది, కింద మీ సంతకం ఉంది. ఒకసారి అమ్మింది వెనక్కి తీసుకోం.” గోడ మీది బోర్డు చూపించాడు. “లెన్స్ కావాలా? ఉంది. కెమెరా కంటే అదే ఎక్కువ.”

“నీ గడ్డం కింద గాటు ఇంకా మానలేదు. చూసుకో” అని వచ్చేసింది. అంతకంటే పెద్ద తిట్టు ఆ క్షణాన నోటికి రాలేదట. ఇప్పటికీ ఆ బాధ ఉంది.

అదే వీధిలో, మెట్ల కింద ఇరుకు గదిలో పాత కెమెరాలు బాగుచేసే ముసలాయన ఉన్నాడు. ఆమె చేతిలో పెట్టె చూడగానే, “ఆ షాపువాడి సరుకా? అయితే ముందు నిన్ను తిట్టాలి” అన్నాడు.

“తిట్టు. అందరూ అయ్యారు, నువ్వే మిగిలావు.”

“ఏం తీస్తావు?”

నిజం చెబితే ఇతనూ ఎగాదిగా చూస్తాడని, “పూలు” అంది.

“వెలుతురు?”

“ట్యూబ్‌లైటు. కిటికీ లేదు.”

ముసలాయన కళ్ళజోడు పైకి తోశాడు. “కిటికీ లేని గదిలో పూలా? గాలికి కదులుతాయా?”

“కదలరు.”

కదలవు అనాల్సింది. నోరు జారిందని ఆమెకి తెలిసింది, ఆయనకీ తెలిసింది. ఆయన ఆమె చెప్పులు చూశాడు, గాలి ఒకసారి పీల్చాడు, ఇంకేం అడగలేదు. డ్రాయరు వెతికి పొట్టి లెన్స్ ఒకటి తీశాడు. గుప్పిట్లో పట్టేంత ఉంది, అంచుల్లో రంగు పోయింది.

“నీకు కావలసింది నోరు పెద్దగా ఉన్న లెన్స్. వెలుతురు అంత ఎక్కువ తాగుతుంది.”

“పెద్ద నోరు నాకెలాగూ ఉంది.”

“వినపడుతూనే ఉంది. దీనికి జూమ్ లేదు. మొహం దగ్గరగా కావాలంటే నువ్వే నడిచి దగ్గరికి వెళ్ళాలి. ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి. ఫ్లాష్ జోలికి పోకు. ట్యూబ్‌లైటు కింద ఒళ్ళు పచ్చగా పడుతుంది, అందుకని ముందు తెల్లటి గుడ్డ ఏదైనా చూపించి, తెలుపంటే ఇదని కెమెరాకి నేర్పాలి. గుడ్డ ఉంటుందా?”

“తెల్ల దుప్పట్లకి మా దగ్గర కొదవ లేదు.”

“బేరమాడితే ఇవ్వను” అన్నాడు చివరికి. తన జన్మలో బేరమాడకుండా కొన్నది అదొక్కటేనని తాళాలక్క చెప్పింది.

నాలుగు రోజులు తమ్ముడి మీద నేర్చుకుంది. ఆఫీసు నుంచి రాగానే అతన్ని హాల్లో నేల మీద పడుకోబెట్టి, “కళ్ళు మూసుకో. నవ్వకు. ఊపిరి కాసేపు ఆపు” అనేది. మరదలు వంటింట్లోంచి గరిటెతో వచ్చి, “వదినా, నా మొగుణ్ణి ఇలా పడుకోబెడితే నేను పుట్టింటికి పోతాను. ఇంటికి ఈ దరిద్రమేంటి?” అని కేకలేసింది. తాళాలక్క కెమెరాలోంచి కన్ను తీయకుండా, “నీ మొగుడికి ఎడమ చెవి కింద కాయ ఉంది, చూశావా ఎప్పుడైనా?” అంది. పన్నెండేళ్ళు కాపురం చేసిన మరదలు చూడలేదు. గరిటె అలాగే పట్టుకుని వంగి చూసింది. అప్పట్నించి కేకలు కాస్త తగ్గాయి.

అయిదో రోజు నాలుగో నంబరావిడ ఫోటో తీసింది. బస్సు ఎక్కడానికి నిలబడి కూలిపోయిన మనిషి. చేతిలో సంచీ కూడా దొరకలేదు. అప్పటికి వచ్చి పన్నెండు రోజులు. బోర్డు మీద ఆవిడ కూడా సున్నం గోడే. రెండు కుటుంబాలు వచ్చి చూసి వెళ్ళిపోయాయి. తాళాలక్క స్టీలు బల్ల మీద దుప్పటి పరిచింది, జుట్టు తడిపి ఆవిడ దువ్వుకున్న పాపిట ఎక్కడుందో వెతికి అటే దువ్వింది, తర్వాత నడిచి దగ్గరికి వెళ్ళింది.

ఆ ఫోటో నాకు చూపించింది. నేను చూడలేననుకున్నాను. చూశాను. ఎడమ కనుబొమ్మని రెండుగా చీల్చిన పాత మచ్చ, చెవి తమ్మె ఎప్పుడో తెగితే కుట్టిన గీత, పెదవి పక్కన ఎవరినో కసరబోయి ఆగినట్టున్న ముడత. మా వీధిలో ఉండే మనిషైతే ఒక్క చూపుకి పేరు పెట్టి పిలిచేదాన్ని.

“నిన్న పొద్దున బోర్డు మీద పెట్టాను. భోజనాల వేళకి లేదు” అంది తాళాలక్క. “ఫ్లాష్ సారు చింపేశాడు. అంతటితో ఆగాడా? ఆసుపత్రి పెద్ద సారు దగ్గరికి వెళ్ళి, తాళాలు తిప్పుకునేదానికి ఫోటోలెందుకన్నాడు. ఇదిగో, కాగితం.” జాకెట్లోంచి తీసిన మడత విప్పింది. సిబ్బంది ఎవరూ బోర్డు ముట్టుకోరాదు, ముట్టుకుంటే చర్య తీసుకోబడును. కింద ముద్ర.

“రేపటితో ఆవిడకి పదిహేను. ఎల్లుండి పొద్దున్నే బండి.”

పైనుంచి మా అత్తగారి వార్డు గంట వినిపించింది. నేను లేచాను. తాళాలక్క కవర్లోంచి ఇంకో ఫోటో తీసింది, అదే ఫోటో, మందుల షాపు పక్క స్టూడియోలో కొత్తగా వేయించింది. దాంతో పాటు గుండుపిన్నుల డబ్బీ కూడా నా చేతిలో పెట్టింది.

“నువ్వు సిబ్బందివి కాదుగా? వెళ్తూ వెళ్తూ ఆ నాలుగో నంబరు తెల్ల ఫోటోని పీకి ఇది పెట్టు. నాలుగు మూలలా గుచ్చు. రెండు గుచ్చి పోయావంటే ఫ్యాన్ గాలికి చుట్టుకుపోతుంది, మొహం కనపడదు. సాయంత్రం ఇంకోసారి దిగి చూడు, ఉందో లేదో. లేకపోతే వచ్చి నన్ను అడుగు, ఇంకో ఆరు వేయించి పెట్టాను.”