కోసిన మడిలో సముద్రపు గాలం

సముద్రం ఒడ్డున నా తోడల్లుడు నా చేతిలోంచి గాలం కర్ర తీసేసుకున్న సంగతి మా ఇంట్లో అందరూ మరిచిపోయారు. నేను మరిచిపోలేదు.

అతను నా భార్య చెల్లెలి భర్త, నాకంటే చిన్నవాడు. బోధన్ వైపు వాడే. ఓడరేవులో ఉద్యోగం రావడంతో అటు వెళ్ళి స్థిరపడ్డాడు. అక్కడ అతనికి ఒక సరదా అంటుకుంది. నడుము లోతు నీళ్ళలో నిలబడి, రెండు చేతులతో పట్టుకునే పొడుగాటి కర్రతో అలల మీదుగా దారం విసిరి చేపలు పడతాడు. ఎర ఉండదు. కొక్కేనికి ఈకలు, మెరిసే పోగులు చుట్టి చిన్నచేపలా కనిపించేట్టు చేస్తారు. దానికి బరువు లేదు, బరువంతా దారానిదే. ముందు దారాన్ని వెనక్కి ఎగరేయాలి, అది పూర్తిగా సాగేదాకా ఆగాలి, అప్పుడు ముందుకు విసరాలి.

మొదటిసారి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు నేను ఆగలేదు. దారం వచ్చి నా మెడకే చుట్టుకుంది. అతను నవ్వుతూ కర్ర తీసుకుని, "అన్నా, ఇది నిజాంసాగర్ కాలువ కాదు. నువ్వు ఒడ్డుకు కూసోని పల్లీలు తిను" అన్నాడు. నా భార్య, మరదలు పగలబడి నవ్వారు. నేను వెళ్ళి పల్లీలు తిన్నాను కూడా. అది నన్ను ఇంకా ఎక్కువ కాల్చింది. వాళ్ళ పెళ్ళి ఆల్బమ్‌లో అంచున నిలబడ్డ నన్ను భుజం దాకా కోసేసిన ఫొటో సంగతి అప్పటికే నా మనసులో ఉంది. దాని పక్కన దీన్నీ పెట్టుకున్నాను.

మా ఊరు బాన్సువాడ తిరిగి వచ్చాక అలాంటి కర్రే తెప్పించుకున్నాను. నా ఎత్తుకు రెండింతలకు పైనే ఉంటుంది. వానాకాలం వరి కోసి మిషన్ వెళ్ళిపోయాక, ఎండిన కొయ్యకాళ్ళ మధ్య నిలబడి సాయంత్రాలు సాధన మొదలుపెట్టాను. రుద్రూర్ వైపు పోయే ఆటోలు నన్ను చూసి నెమ్మదించేవి. మేకలు మేపే అవ్వ ఒకామె గట్టు మీద కూర్చుని చాలాసేపు చూసింది.

"పటేలా, మడిల ఏం చేపలు వడ్డయ్?"

"నేర్చుకుంటున్న అవ్వా."

"నీళ్ళు లేని కాడ నేర్చుకునుడేంది? ఇగ రేపు చెరువుల నాట్లేస్తవా?" అని తనే నవ్వుకుంది. తర్వాత నవ్వు ఆపి, "గా కొండి నా మేక కంట్ల గుచ్చుకుంటే నీ ఇంటి ముందల కూసుంట, చెప్తున్న" అంది.

ఎవరికీ ఏమీ కానివ్వనని ఆమెకు మాట ఇచ్చాను.

చలికాలం వచ్చేసరికి దారం నా మాట వినసాగింది. ఒక మంచి విసురును వీడియో తీయించి కుటుంబం గ్రూపులో పెట్టాను. తోడల్లుడు నవ్వే ముఖం బొమ్మ పెట్టి, "మేకలు మస్తుగున్నయ్ అన్నా" అని రాశాడు. ఆ మెసేజ్‌ను ఫోన్‌లో దాచుకున్నాను. ఆ నవ్విన నోటితోనే, నవ్విన ఆడవాళ్ళ ముందే, అతను తన మాట వెనక్కి తీసుకోవాలి. నాకు కావలసింది అదొక్కటే. ఆ చలికాలంలోనే మళ్ళీ వాళ్ళింటికి బయలుదేరాం.

వెళ్ళిన మర్నాడు పొద్దున్నే అక్కాచెల్లెళ్ళిద్దరినీ పట్టుబట్టి ఒడ్డుకు తీసుకొచ్చాను. నీళ్ళలోకి దిగి, వెనక్కి ఎగరేసి, ఆగి, విసిరాను. దారం అల విరిగే చోటు దాటి వెళ్ళి పడింది. పక్కన నిలబడ్డ తోడల్లుడు "అరె!" అన్నాడు. నేను పూర్తి మాట కోసం చూశాను. రాలేదు.

అంతలో దారం గుంజింది. చేతులు ఝల్లుమన్నాయి. వెంటనే వదులైపోయింది. మళ్ళీ విసిరితే మళ్ళీ అదే వరస. అటుపక్క అతను పార చేపను పట్టి, ఒడ్డుకు చూపించి, వదిలేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"తెలిసే నన్ను ఈడ నిలవెట్టినవ్. మంచి జాగ నువ్వు వట్టుకున్నవ్."

"రెండూ ఒక్కటే జాగ అన్నా."

"అప్పుడు నవ్వినవ్. ఇప్పుడు నాకు చేప వడొద్దని చూస్తున్నవ్. తప్పయిందని ఇగో వీళ్ళ ముందట అను."

ఒడ్డు మీద నుంచి నా భార్య, "పొద్దు పొద్దుగాల ఏం లొల్లయ్యా నీది?" అని అరిచింది. తోడల్లుడు ముఖం మీది ఉప్పునీళ్ళు తుడుచుకున్నాడు. ఆడవాళ్ళకు వినిపించేంత గట్టిగా, "తప్పయింది అన్నా. ఆ దినం అట్ల అనకుండాల్సింది. నీ అంత మంచిగ నేను కూడ ఇసరలేను" అన్నాడు.

ఒక అల వెళ్ళి ఇంకో అల వచ్చేదాకా నేను సంతోషంగా ఉన్నాను.

"నువ్వు నా జాగల నిలవడు. నా దగ్గర మంచిదున్నది, కడుత" అంటూ అతను నా దారం కొస దగ్గరికి లాక్కుని, దానికి కట్టిన ఈకల తునకను వేళ్ళతో పట్టుకున్నాడు. వేళ్ళు ఆగిపోయాయి. నేనూ చూశాను.

ఈకల కింద కొక్కెం వంపు లేదు. పుల్లలాంటి మొండి ఇనుప ముక్క ఉంది. మేకలకు తగలకుండా నేనే బాన్సువాడలో పటకారుతో ఒక్కొక్కటీ వంపు కత్తిరించి, సాధన కోసం ఒక డబ్బాలో వేసుకున్నాను. వంపున్న కొక్కేల డబ్బా ఇంట్లో ఉండిపోయింది. చేపలు నా దగ్గరికి వచ్చాయి, కరిచాయి, వాటిని పట్టుకునేది ఏమీ లేక వెళ్ళిపోయాయి. సర్దింది నా భార్యే అని మొదట అనుకున్నాను. కానీ గాలం సామాన్ల సంచిని ఆమె ముట్టుకుంటే ఒప్పుకోనిది నేనే.

అతను ఒక్కసారి నా ముఖం చూశాడు. పిడికిలి మూసి, దాన్ని దారం నుంచి తెంపి చొక్కా జేబులో వేసుకున్నాడు. తనది కట్టి, ఒడ్డు వైపు తిరగకుండానే, "ఇగ ఇసురు అన్నా" అన్నాడు మెల్లగా.

విసిరాను. ఆగడం మళ్ళీ మరిచిపోయాను. దారం కుప్పగా నా ముందే పడింది.

"అయ్యో, బావ ఇప్పటిదాంక మంచిగేసే కదా, ఏమయింది?" అంది మరదలు.

నేను నోరు తెరిచేలోపే, "గాలి మారింది" అని అతనే జవాబిచ్చాడు.

ఈమధ్య కొత్త ట్రాక్టర్ కొన్నప్పుడు మా ఇంట్లో దావత్ ఇచ్చాం. చుట్టాలంతా వచ్చారు, తోడల్లుడూ వచ్చాడు. నా బావమరిది ప్లేటు పట్టుకుని అందరికీ వినిపించేట్టు మొదలుపెట్టాడు. "మా బావ సముద్రం దాంక పోయి ఒక్క చేప కూడ తేలేదట! మన మార్కెట్‌కు పోయినా బొచ్చె దొరుకుతుండె."

అందరూ నవ్వారు. నేను వాళ్ళను చూడలేదు, తోడల్లుడినే చూస్తున్నాను. నా స్థానంలో అతను ఉంటే నేనేం చేసేవాడినో నాకు తెలుసు. ఆ మొండి ఇనుప ముక్కను ఫొటో తీసి, ఒడ్డు దాటకముందే గ్రూపులో పెట్టేవాడిని. ప్రతి దావత్‌లోనూ ఆ కథ చెప్పేవాడిని.

"అన్న ఇసిరింది చూస్తే మీరు ఇట్ల అనరు. ఆ దినం నీళ్ళల్ల చేపలే లెవ్వు" అన్నాడు అతను. అని, బిర్యానీలో నిమ్మకాయ పిండుకున్నాడు.

చేపలున్నాయి. అందులో ఒకదాన్ని పట్టి వదిలింది తనే. నేను ఆ మాట చెప్పబోయాను. అందరూ నా వైపే తిరిగి చూశారు. మటన్ గిన్నె దగ్గరికి వెళ్ళి, గంటెతో వెతికి, మూలుగున్న నల్లి బొక్క తీసుకొచ్చి అతని ప్లేటులో వేశాను.

"ఏందన్నా, నల్లి నాకేనా?"

"తిను తమ్మీ" అన్నాను. అది నా గొంతులా లేదని నా భార్య తల తిప్పి చూసింది. అతను బొక్కను ప్లేటుకు కొట్టుకుంటూ బావమరిదితో ట్రాక్టర్ గురించి మాట్లాడుతున్నాడు. ఎవరో వచ్చి నా చేతిలోని గంటె అడిగేదాకా నేను అక్కడే నిలబడి ఉన్నాను.