నా డబ్బాల గుడ్లు, ప్రవీణ్ ప్లేటుల

మొన్న శుక్రవారం షాపుల నేను పడ్డ పడుడు మీరు చూడాల్సింది! పెళ్లి చీరల గుట్ట కింద నా కాళ్లు రెండే బయటికి కనవడ్డయంట.

మాది లాల్‌గడి మలక్‌పేట్. పేట్ బషీరాబాద్‌ల చీరల షాపుల పని చేస్త. బరువు తగ్గనీకి డాక్టరమ్మ వారానికొక ఇంజెక్షన్ రాసింది. "ఆకలి తగ్గుతది. అట్లని తినుడు బంద్ పెట్టకు. ముందుగాల గుడ్డు, పప్పు తిను. తర్వాతనే అన్నం" అని మరీ మరీ చెప్పింది. అందుకే అమ్మ రోజూ డబ్బాల రెండు గుడ్లు పెట్టేది.

నాకేమో నాలుగు ముద్దలకే కడుపు నిండుతాంది. మా షాపుల లంచ్‌కు అందరం కింద కూసోని ఒకరిది ఒకరం పంచుకుంటం. బ్లౌజులు కుట్టే ప్రవీణ్ నా పక్కనే కూసుంటడు. నా గుడ్లు రెండూ ఆయన ప్లేటుల ఏసేదాన్ని. ఆయన కండ్లు మూసుకొని నములుతుంటే నా కడుపు నిండినట్టుండేది. ఆకలే మరిచిన్నంటే ఇది ప్రేమనే అనుకున్న! ఇంజెక్షన్ సంగతి యాదికే రాలే.

రెండు నెలలల్ల ఐదు కిలోలు తగ్గిన. మస్తు ఖుషీ. కానీ మెట్లెక్కితే మోకాళ్లు వణుకుడు.

శుక్రవారం మేడ్చల్ నుంచి పెళ్లోల్లు వచ్చిండ్రు. "ఆ పైన మెరూన్ చీర తియ్ బిడ్డా" అన్నది ఒక పెద్దమ్మ. స్టూలెక్కిన. కండ్లకు చీకట్లు. చీరలతోని సహా కింద!

కండ్లు తెరిస్తే ప్రవీణ్ నీళ్లు తాగిస్తుండు. ఇప్పుడన్నా మనసుల మాట చెప్తడేమో అని చూస్తున్న.

"పొద్దుగాల ఏం తిన్నవ్?"

"చాయ్."

"నిన్న లంచ్‌ల ఏం తిన్నవ్?"

"నా గుడ్లు నువ్వే తిన్నవ్ గదా!"

పెద్దమ్మ పకపక నవ్వింది.

సాయంత్రం దవాఖానకు పోతే డాక్టరమ్మ మాత్రం నవ్వలే. "ఆకలి కాకున్నా టైమ్ చూసి తినాలె. నువ్వు తగ్గిందాంట్ల కొవ్వే కాదు, కండ గూడ ఉన్నది" అన్నది. ఆ మాట బస్సుల ఇంటిదాక నాతోనే వచ్చింది. అమ్మ తెల్లారక ముందే లేసి నా పానం కోసం ఉడకేసిన గుడ్లను నేను ప్రేమలేఖల లెక్క పంచిన!

సోమవారం నా గుడ్లు నేనే తింటున్న. ప్రవీణ్ దగ్గరికి జరిగి, సిగ్గుపడుకుంట, "నీకొకటి చెప్పాలె" అన్నడు. నా గుండె దడదడ!

"ప్యాంట్లు పడుతలేవు. ఐదు కిలోలు పెరిగిన. ఆ డాక్టరమ్మ దవాఖాన ఏడుంటది?"

నేను తగ్గిన ఐదు కిలోలు గాలిల కలిసినయనుకున్న. నా పక్కనే కూసోని అడ్రస్ అడుగుతున్నయి!