కోటిలింగం మామ వినే బీప్

ఉదయగిరి బస్టాండు వెనక సందులో కోటిలింగం మామ అర్జీలు టైపు చేస్తాడు. పుట్టుకతోనే చూపు లేదు. సోమశిల ప్రాజెక్టు ముంపులో ఊరు పోయినవాళ్ళు, మర్రిపాడు వైపు గొర్రెల కాపర్లు ఎదురుగా కూర్చుని గోడు చెబుతుంటే ఆయన వేళ్ళు కీబోర్డు మీద పరుగెడతాయి. రాసినదాన్ని కంప్యూటరు పైకి చదివి వినిపిస్తుంది. అరవై ఏళ్ళ మనిషి. ఒకరి కళ్ళు అడగకుండా తన పని తాను చేసుకోవాలన్నదే పంతం.

ఆ పంతానికి అడ్డుపడింది ఆ కంప్యూటరే. పద్దెనిమిదేళ్ళ నాటిది. మధ్యాహ్నానికల్లా దాని గొంతు నత్తిపడుతుంది, రీస్టార్ట్ చేయాలి. చేస్తే ఆరిపోతుంది గానీ మళ్ళీ లేవదు. అది ఇంకా పనిలో ఉందో ఆగిపోయిందో తెలియక ఓసారి స్విచ్ నొక్కేస్తే తొమ్మిది పేజీల అర్జీ గల్లంతైంది. అప్పటినుంచి పక్క టీకొట్టు రెబెకమ్మను కేకేసి, "తెర మీద ఏముండాదో చూడమ్మా" అని అడగాల్సి వచ్చేది. అడిగిన ప్రతిసారీ ఆయన ముఖం చిన్నబోయేది.

ఆత్మకూరులో కంప్యూటర్లు బాగుచేసేది నేను. నాకు కోపం ఎక్కువ, నా పనితనం మీద నమ్మకం ఇంకా ఎక్కువ.

"కొత్తది కొనుక్కో మామా," అన్నాను.

"దీని చప్పుళ్ళు నాకు తెలుసు ఆనందా. దీన్నే బాగుచెయ్యి."

మళ్ళీ మొదలవమని కంప్యూటరు తన లోపలి బోర్డుకు చెప్పే పద్ధతులు రెండు మూడున్నాయి. ఈ ముసలి బోర్డు కొత్త పద్ధతులకు ఉలకదు, పలకదు. కీబోర్డు చిప్పు ద్వారా చెప్పే పాత పద్ధతికి సెట్టింగు మార్చాను. మామ భోజనానికి వెళ్ళొచ్చేలోగా పదిసార్లు రీస్టార్ట్ చేశాను. పదిసార్లూ లేచింది. లేచినప్పుడల్లా లోపలి చిన్న స్పీకరు 'బీప్' మంటుంటే చిరాకేసి దాని వైరు పీకేశాను.

మూడోరోజు ఫోను. "లేవలేదు ఆనందా."

"ఎట్లా లేవదు మామా? పదిసార్లు చూసినాను."

మండిపడుతూ బస్సెక్కాను. వెళ్ళి చూద్దును గదా, పాస్‌వర్డు అడుగుతూ తెర వెలుగుతోంది. మామ దాని ముందే చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. బెంచీ మీద ఇద్దరు ముంపువాళ్ళు పొద్దుటినుంచీ ఎదురుచూస్తున్నారు.

"వచ్చేసి ఉండాది గదా. పాస్‌వర్డు కొట్టు."

"వచ్చిందని నాకెట్లా తెలుస్తాది? పాస్‌వర్డు కొట్టినాకే దానికి గొంతు వస్తాది. అంతకుముందు లేచినానని చెప్పేది ఆ ఒక్క కూతే. అది మొన్నట్నించి లేదు. రెండ్రోజులు రెబెకమ్మను పిలిచి చూపించుకున్నా, ఇయ్యాల ఆమె కొట్టు తెరవలేదు."

నాకు నిజంగా సిగ్గేసింది. మూత విప్పి వైరు తగిలించాను. మామ రీస్టార్ట్ నొక్కాడు. చీకట్లో ఎవరి అడుగులో వింటున్నట్టు తల వంచాడు. బీప్. పాస్‌వర్డు అడిగేదాకా మనసులో లెక్కపెట్టుకుని పాస్‌వర్డు కొట్టాడు. గొంతు పలికింది. ఇంకోసారి చేశాడు, ఊరికే వినడానికి.

"ఆ తెర విప్పి తీసుకుపో," అన్నాడు తర్వాత.

"ఎందుకు మామా?"

"అది చూసేదానికి నీకూ రెబెకమ్మకూ గదా. ఇంక మిమ్మల్ని పిలిచే పనిలేదు."

ఆత్మకూరు బస్సులో ఆ మానిటరును ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. కండక్టరు లగేజీ టికెట్టు కొట్టినా గొణగలేదు.